రాజమ్మ గారి డబుల్ బ్యారెల్

సైన్యంలో పదిహేడేళ్ళు పనిచేసి, హవల్దారు హోదాలో పెన్షన్ తీసుకుని బయటికి వచ్చిన ఏడాది, కొవిడ్ ఆంక్షలన్నీ ఎత్తేసిన తరువాతి జూన్ నెలలో, నేను తిరుపతిలోని ఒక లైసెన్సు తుపాకుల దుకాణంలో మరమ్మతుదారుగా చేరాను. అప్పటికి నా వయసు ముప్పై ఆరు. రిటైర్డ్ అని చెబితే ఎదుటివాళ్ళు నా తలలో తెల్ల వెంట్రుకల కోసం వెతికేవారు.

సైన్యంలో నా పని పేరు ఆర్మరర్. ఆయుధాలను విప్పడం, కొలవడం, అరిగిన భాగం మార్చడం, మళ్ళీ బిగించి సంతకం చేయడం. ప్రతి కొలతకూ ఒక గేజ్ ఉండేది. గేజ్ లోపలికి వెళితే ఒక తీర్పు, వెళ్ళకపోతే ఇంకో తీర్పు. నా అభిప్రాయంతో అక్కడ ఎవరికీ పని లేదు. ఆ అలవాటు మీద దుకాణంలో కూడా నాకొక పట్టిక రాసుకున్నాను. పాత తుపాకి ఏది వచ్చినా తొమ్మిది పరీక్షలు. తొమ్మిదీ అయితేనే ఫారం కింద సంతకం.

దుకాణం యజమాని ఖాదర్ సాయబు గారికి డెబ్బై దాటాయి. పట్టిక చూసి ఆయన నవ్వారు కానీ, చించెయ్యమని చెప్పలేదు. "రాసుకో అబ్బా, మంచిదే. తుపాకి మాత్రం నీ కాగితం సదవదు" అన్నారు.

ఆ ఆగస్టులో వడమాలపేట దగ్గర కొండ పక్క పల్లె నుంచి గోవిందయ్య అనే రైతు వచ్చాడు. యాభై ఏళ్ళ మనిషి, పల్చని గడ్డం, చొక్కా జేబులో ప్లాస్టిక్ కవరు. కవరులో కలెక్టరు కార్యాలయం ఇచ్చిన లైసెన్సు. పంట రక్షణ కోసం ఇచ్చే లైసెన్సు అది. అడవి పందులను బెదరగొట్టడానికి. అంతకు ముందు సంవత్సరం వేరుశనగ చేలో పంది పొడిచి ఆయన అన్న తొడ చీలిపోయింది. అన్న బతికాడు గానీ చేనికి పోవడం మానేశాడు. అప్పటి నుంచి ఇద్దరి చేలూ గోవిందయ్యే చూసుకుంటున్నాడు.

ఇలాంటి లైసెన్సులో ఒక చిక్కు ఉంటుంది. చేతికి వచ్చిన తరువాత ఇచ్చిన గడువులోగా తుపాకి కొని, దాని నంబరు లైసెన్సులో ఎక్కించుకోవాలి. గడువు దాటితే మళ్ళీ మొదటి నుంచి అర్జీ, పోలీసు విచారణ, తహసీల్దారు నివేదిక. గోవిందయ్యకు మొదటిసారి అదంతా నడవడానికి నాలుగేళ్ళు పట్టింది. ఆయన మా దగ్గరికి వచ్చేటప్పటికి గడువులో పంతొమ్మిది రోజులు మిగిలి ఉన్నాయి.

కొత్త తుపాకి ఆర్డరు పెడితే అంతలో రాదు. పాతదే చూడాలి. ఆయన అప్పటికే చిత్తూరులో ఒక డీలరు దగ్గర ఒకటి చూసి, ఫోనులో ఫొటోలు తీసుకుని వచ్చాడు. డబుల్ బ్యారెల్, అంటే పక్కపక్కన రెండు గొట్టాలు ఉండి, కీలు దగ్గర విరిచి వెనక నుంచి తూటాలు పెట్టే రకం. ఎవరో చిన్న కార్ఖానావాళ్ళు చేసింది. పేరు నేను ఎప్పుడూ వినలేదు. చెక్క మొరటుగా ఉంది, వార్నిషు కారి గడ్డకట్టింది. స్క్రూ తలల మీది గాట్లు ఒక్కొక్కటి ఒక్కో దిక్కు చూస్తున్నాయి.

ఇక్కడ కొంచెం వివరం చెప్పాలి. మంచి పనివాడు తుపాకి బిగించేటప్పుడు స్క్రూ పూర్తిగా బిగుసుకున్నాక దాని గాటు గొట్టానికి సమాంతరంగా నిలిచేటట్టు తల అరగదీస్తాడు. ఆ ఓపిక ఉన్నవాడు లోపలి పని కూడా అలాగే చేసి ఉంటాడని మా నమ్మకం. ఫొటో చూసి నేను గోవిందయ్యతో, అన్నా, చేసినవాడికి శ్రద్ధ లేదు, మా దగ్గర ఒకటుంది, చూసి చెబుతాను, రెండు రోజులు ఆగండి అన్నాను.

మా దగ్గర ఉన్నది రాజమ్మ గారి తుపాకి. ఆమెది కార్వేటినగరం పక్కన ఒక ఊరు. భర్త చనిపోయి ఎనిమిది నెలలైంది. లైసెన్సుదారు చనిపోతే కుటుంబం ఆ ఆయుధాన్ని పోలీసు స్టేషనులో గానీ డీలరు దగ్గర గానీ డిపాజిట్ చేయాలి. ఆమె మా దగ్గర చేసి, అమ్మిపెట్టమంది. జమీందారీ రోజుల్లో ఆమె మామగారి తండ్రికి వచ్చిన తుపాకి అని వాళ్ళింట్లో చెప్పుకుంటారట. అది తప్ప దాని గురించి ఎవరికీ ఏమీ తెలియదు.

ఆ వారం సాయబు గారు మదనపల్లెలో కూతురి ఇంటికి వెళ్ళారు. దుకాణంలో నేనొక్కడినే. ఇనప గది తెరిచి తుపాకి తెచ్చి బల్ల మీద పాత కంబళి పరిచి పెట్టాను. ఇలాంటి తుపాకిని నేను అంతవరకు చూడలేదు. గొట్టాలు వెండిలా తెల్లగా మెరుస్తున్నాయి. తయారీదారు పేరు ఉండవలసిన చోట మూడు అక్షరాల నీడ మాత్రం ఉంది. భూతద్దం పెట్టినా చదవలేకపోయాను. ఏ దేశంలో చేశారో చెప్పడానికి కూడా ఆధారం లేదు. పేరు లేని తుపాకిని దాని పనితనమే చెప్పాలి.

మొదట ఖాళీగా ఉందో లేదో చూశాను. ఎన్నివేల సార్లు చూసినా మొదటి పని అదే. తరువాత పట్టిక ప్రకారం మొదలుపెట్టాను. గొట్టాల మీద, వెనకటి ఇనుము మీద, ముందు చెక్క కింద ఉన్న నంబర్లు మూడూ ఒకటే. అంటే వేరే తుపాకి భాగాలు కలపలేదు. ముందు చెక్క ఊడదీసి, పిడి పట్టుకుని చెవి దగ్గర ఊపాను. కీలు అరిగి ఉంటే టకటక వినబడుతుంది. ఏమీ వినబడలేదు. దీపపు మసి వేలితో వెనకటి ఇనుము మీద పూసి మూసి తెరిచాను. రెండు గొట్టాల అంచులూ పూర్తి వలయాలుగా మసిని ఎత్తుకున్నాయి. ఎక్కడా వెంట్రుకంత సందు లేదు. డమ్మీ తూటాలు పెట్టి గుర్రాలను, అంటే తూటా వెనక కొట్టే సుత్తులను, కొట్టించాను. శబ్దం పొడిగా, చిన్నగా, రెండు వైపులా ఒకేలా వచ్చింది. ట్రిగ్గర్లను స్ప్రింగు త్రాసుతో లాగితే ముందుది కొంచెం తేలిక, వెనకది కొంచెం బరువు. ఉండవలసిన తీరు అదే. చెక్క ఇనుముతో కలిసే చోట బ్లేడు కూడా దూరలేదు. స్క్రూ గాట్లన్నీ గొట్టం వైపే చూస్తున్నాయి. గొట్టం లోపల, కిటికీ వెలుగుకు పెట్టి చూస్తే, నీళ్ళలో రాయి వేసినప్పటి వలయాల్లాగా నీడలు గుండ్రంగా, విరగకుండా నిలిచాయి. సొట్ట ఉంటే ఆ వలయం అక్కడ వంకర తిరుగుతుంది.

తొమ్మిదికి తొమ్మిది. చివరిదైన తొమ్మిదో పరీక్షకు, గుర్రాలను నడిపే లోపలి యంత్రాలను (వాటిని తాళాలు అంటాం) విప్పి చూసిన అరగంట నా ఉద్యోగంలో నాకు బాగా గుర్తున్న అరగంటల్లో ఒకటి. బయటికి ఎప్పుడూ కనపడని స్ప్రింగు వెనక భాగాన్ని కూడా ఎవరో అద్దంలా నునుపు చేశారు.

ఒక్క విషయం మాత్రం నన్ను ఆపింది. గొట్టాలకు నల్లని పూత లేదు. తుప్పు పట్టకుండా ఆ పూత వేస్తారు. పాతకాలంలో కొందరు తెల్లగా కూడా వదిలేవారేమో అనుకున్నాను. ఎవరినీ అడగలేదు. నా పట్టికలో దానికి గడి లేదు.

మధ్యాహ్నం గోవిందయ్యకు ఫోన్ చేశాను. "అన్నా, తుపాకి చాలా బాగుంది. ఇంత పనితనం నేను చూడలేదు" అన్నాను. అవతల ఆయన గట్టిగా నవ్వాడు. "అయితే ఆ సిత్తూరాయనకి వద్దని సెప్పేస్తా అప్పా. పొద్దన్నుంచి రెండు తూర్లు ఫోన్ సేసినాడు" అన్నాడు. సరే అన్నాను. ఫారం ఇంకా రాయలేదు, సంతకం పెట్టలేదు. కానీ మాట వెళ్ళిపోయింది.

నాలుగో రోజు సాయబు గారు వచ్చారు. ఫారం ఆయన ముందు పెట్టాను. ఆయన ఫారం తీసుకోలేదు. గొట్టాలు విడదీసి ఇమ్మన్నారు. కీలు పట్టే కొక్కానికి ఒక తాడు కట్టి, గొట్టాలను గాలిలో వేలాడదీసి, వేలి కణుపుతో ఒక్కసారి కొట్టారు.

గంట మోగినట్టు మోగాలి. 'డబ్' అని వచ్చి, దాని వెనకే ఏదో జివ్వుమంది.

"మీ ఇంట్లో కుండ కొనేటప్పుడు ఏం జేస్తారబ్బా?" అని అడిగారు.

"తట్టి చూస్తారు."

"మరి కుండకున్న మర్యాద దీనికి ల్యాకపాయె."

రెండు గొట్టాలనూ పైనా కిందా సన్నని ఇనప పట్టీలతో సీసం కలిపిన టంకం వేసి అతుకుతారు. పై పట్టీని రిబ్బు అంటారు. అతుకు గట్టిగా ఉంటే మొత్తం ఒక్క ముక్కలా మోగుతుంది. ఎక్కడైనా వదిలితే పగిలిన కుండ. నేను సందులు కొలిచే ఫీలర్ గేజ్‌లోని అతి పల్చని రేకు తీసుకుని రిబ్బు అంచు వెంట జరిపాను. మధ్యలో ఒకచోట లోపలికి దిగిపోయింది. నాలుగు వేళ్ళ వెడల్పు దాకా అతుకు లేదు. రేకుతో పాటు గోధుమ రంగు పొడి బయటికి వచ్చింది.

సైన్యంలో నేను చూసిన రైఫిళ్ళకు ఒకటే గొట్టం. రిబ్బు లేదు, టంకం లేదు, మోగించే పని లేదు. నా తొమ్మిది పరీక్షలు నాకు తెలిసిన తుపాకి కోసం రాసుకున్నవి.

రిబ్బు వదలడం ఒక్కటే అయితే మళ్ళీ అతకవచ్చు. కానీ టంకం ఎందుకు వదిలిందో తెలియలేదు. ఆ మరుసటి రోజు అమ్మకం కాగితాల మీద సంతకం పెట్టడానికి రాజమ్మ గారు వచ్చారు. అరవై అయిదేళ్ళు ఉంటాయి. బస్సు దిగి నడిచి వచ్చి, కుర్చీలో కూర్చుని, నీళ్ళు తాగి, ఎదురుగా బల్ల మీద ఉన్న గొట్టాలను చూసి, "మబ్బు పట్టినట్టుండాదే! ఎనిమిది నెల్లు తోమకపోతే ఇట్లనే" అన్నారు.

దేంతో తోముతారమ్మా అని అడిగాను.

"దేంతో ఏంది నాయనా? పూజ సామాను దేంతో తోమతారో దాంతోనే. సింతపండు, ఇటికె పొడి. ఆయుధ పూజకు ముందర రోజు కూసుని, దీపం సెమ్మెలు, పళ్ళేలు, తుపాకి, అన్నీ ఒక తూరే. మా అత్త సేసేది, ఆమె పొయినాక నేను. నలబై ఏండ్లు."

సాయబు గారు నా వైపు చూశారు. నేను గొట్టాల వైపు చూశాను.

ఇత్తడి చెంబుకు చింతపండు పులుసు చేసే మేలు ఇనుముకు చేయదు. పులుపు అతుకు సందుల్లోకి దిగి అక్కడే ఉండిపోతుంది. ఇటుక పొడి నల్లపూతను తీసేస్తుంది, చెక్కిన అక్షరాలను తీసేస్తుంది, ఆ తరువాత ఇనుమునే తీయడం మొదలుపెడుతుంది. నేను మెచ్చుకున్న ఆ తెల్లని మెరుపు తయారీదారుది కాదు.

ఎలా తోముతారో చూపించమని ఆమెను అడిగాను. ఉత్త గొట్టాలు ఇచ్చాను. ఆమె కుర్చీ దిగి నేల మీద కాళ్ళు చాపుకుని కూర్చుని, గొట్టాలను ఒడిలో అడ్డంగా పెట్టుకుంది. ఎడమ గొట్టం బయటి పక్క పైకి వచ్చింది. కుడి చెయ్యి ముందుకీ వెనక్కీ ఒక మూర మేర నడిచింది. "ఈడ ఎక్కువ మరకలు పడతాయి, ఆయప్ప పట్టుకునే సోటు" అని ఒకచోట బొటనవేలితో గట్టిగా రుద్ది చూపించింది. అక్కడ నేను సుద్దముక్కతో గీత పెట్టాను. మొదటి నుంచీ ఇలాగే కూర్చునేవారా అని అడిగితే, ఇంకెట్లా కూర్చుంటారు అంది.

గొట్టం గోడ మందం కొలిచే పరికరం మా దుకాణంలో లేదు. ఆ సాయంత్రం ఒకటి చేశాను. బొటనవేలంత లావు ఉక్కు కడ్డీ ఒక చివరను వైసులో బిగించి, రెండో చివర పైభాగాన ఒక చిన్న బేరింగు గుండును అతికించాను. ఆ గుండుకు సరిగ్గా పైన స్టాండుకు డయల్ గేజ్ కట్టాను. ముల్లు గుండును తాకినప్పుడు డయల్ సున్నా చూపాలి. ఇప్పుడు తుపాకి గొట్టాన్ని కడ్డీ మీదికి తొడిగితే, గుండు లోపలి గోడకు ఆనుతుంది, ముల్లు బయటి గోడకు ఆనుతుంది. మధ్యలో ఉన్నది ఇనుము. డయల్ దాని మందం చెబుతుంది.

వెనక అంచు నుంచి తొమ్మిది అంగుళాల దగ్గర కుడి గొట్టం బయటి పక్క ఎనభై అయిదు. అంటే మిల్లీమీటరులో నూరింట ఎనభై అయిదు పాళ్ళు. ఎడమ గొట్టం కింది పక్క ఎనభై. సుద్ద గీత దగ్గర నలభై ఒకటి. మూడుసార్లు తీసి మళ్ళీ తొడిగాను. నలభై ఒకటి, నలభై ఒకటి, నలభై రెండు.

ఆ చోట యాభైకి తగ్గితే నేను ఎవరి చేతికీ ఇవ్వను. తుపాకి పేల్చేవాడి ఎడమ చెయ్యి ఉండేది కూడా దాదాపు అక్కడే.

కొలతలు అయ్యేదాకా దుకాణంలోనే కూర్చున్న రాజమ్మ గారు ఊరికే ఒప్పుకోలేదు. "మా ఆయన ఏటా ఆయుధ పూజకు రెండు పేల్చేవాడు. ఏమీ కాలేదే?" అని నిలదీసింది. రెండు తూటాలు వేరు, చేలో రోజూ పేల్చడం వేరు అన్నాను. పైగా ప్రతి ఏడూ రెండు పేల్చేటప్పటికి అంతకు ముందు ఏడాది కంటే గోడ పల్చబడి ఉంటుంది అన్నాను. ఆమె వంగి డయల్ మీది అంకె చూసింది. నూనె గుడ్డతో తుడిస్తే చాలని ఆయన ఎప్పుడూ చెప్పలేదా అని అడిగాను.

"ఆయన దాని జోలికి వచ్చేది పేల్చేదానికి నాయనా. తోమేదానికి కాదు" అంది.

గోవిందయ్యకు ఫోనులో చెప్పే ధైర్యం చాలలేదు. దుకాణానికి పిలిచాను. అప్పటికి గడువు పదకొండు రోజులు. విషయం విన్నాక ఆయన కూర్చోలేదు. "నువ్వు బాగుండాదంటివే! నీ మాట పట్టుకునే గదా ఆయన్ని వద్దంటి!" అన్నాడు. నేను తొందరపడ్డానని ఒప్పుకున్నాను. "మిలట్రీలో ఇంతేనా అప్పా? ముందు పేల్చి, ఆనక గురి సూస్తారా?" అన్నాడు.

ఆయన ఇంకో మాట కూడా అన్నాడు. పంతొమ్మిదిలో పోయిన ఎనిమిది రోజుల్లో పందులు రెండు తూర్లు దిగినాయని, డబ్బాలు కొట్టి తరిమినామని, అన్న కొడుకులు చేలోకి రామంటున్నారని. "ఆ పల్చటిదే ఇచ్చెయ్యి. నెలకు రెండు పేల్చుకుంటా. నా సెయ్యి, నా ఇష్టం" అన్నాడు. సాయబు గారు బల్ల దగ్గర నుంచి ఇటు తిరిగారు. "ఇస్తా. పేల్చేటప్పుడు నీ ఎడం పక్క మీ అన్నను నిలబెట్టుకుంటావా?" అని అడిగారు. గోవిందయ్య అప్పుడు కూర్చున్నాడు.

చిత్తూరు డీలరుకు నేనే ఫోన్ చేశాను. తుపాకి ఇంకా ఉంది. దాన్ని చూసినవాళ్ళందరూ నాలాగే ఫొటో దగ్గరే ఆగిపోయారట. రెండు రోజుల తరువాత నేనూ గోవిందయ్యా బస్సులో చిత్తూరు వెళ్ళాము. కడ్డీ, స్టాండు, డయల్ తువ్వాలులో చుట్టి ఒడిలో పెట్టుకున్నాను. కండక్టరు చూసి, "ఏందన్నా అది, బోరు ఏసేదానికి పోతాండారా?" అన్నాడు. బయల్దేరిన తరువాత గోవిందయ్య నవ్వింది ఆ ఒక్కసారే.

ఆ తుపాకిని నేను రెండు గంటలు చూశాను. ఈసారి మొట్టమొదట తాడు కట్టి తట్టాను. మోగింది. చెయ్యి పెట్టి ఆపేదాకా మోగుతూనే ఉంది. గోడ మందం తొమ్మిది అంగుళాల దగ్గర చుట్టూ ఎక్కడ కొలిచినా ఒక మిల్లీమీటరు దాటి ఇరవై పాళ్ళు. చేసినవాడు నాజూకుగా సన్నం చేయడం రాక, ఇనుము మిగిల్చేశాడు. దానివల్ల తుపాకి బరువు, ముందుకు వాలుతుంది. చెక్కకూ ఇనుముకూ మధ్య గోరు దూరుతుంది. కీలు దగ్గర కొద్దిగా కదలిక ఉంది. లోపలి నునుపు ఫరవాలేదు.

తరువాత గుర్రాలు ఎక్కించి, రబ్బరు పట్టా మీద పిడి వెనక భాగాన్ని గట్టిగా తాటించాను. ఎడమ గుర్రం దానంతట అదే పడిపోయింది. దాన్ని పట్టి ఉంచే చిన్న కొక్కేన్ని సియర్ అంటారు. దాని అంచు గుండ్రంగా అరిగింది. తూటా ఉన్న తుపాకి రాయి మీద పడితే దానంతట అదే పేలుతుందన్నమాట. డీలరు కొంచెం ఇబ్బంది పడ్డాడు.

గోవిందయ్య నా ముఖం చూసి, "ఇది కూడా పాయనా?" అన్నాడు.

లేదన్నా, అన్నాను. పోయిన ఇనుమును నేను తెచ్చి పెట్టలేను. మొండి అంచును పదును పెట్టగలను. ఆ రెంటికీ ఉన్న తేడా ఇన్నేళ్ళ పనిలో నాకు స్పష్టంగా తెలిసింది ఆ క్షణంలోనే. ఆయనకు మాత్రం ఇంత చెప్పలేదు. నాలుగు రోజులు కావాలని చెప్పాను.

డీలరు తన కాగితాలతో తుపాకిని మా దుకాణానికి మరమ్మతుకు పంపాడు. సియర్ అంచును నూనెరాయి మీద తిరిగి కోసి, గట్టిపరిచి, పట్టా మీద నలభైసార్లు తాటించాను. పడలేదు. కీలుకు కదలిక పోయేటట్టు కొంచెం పని చేశాను. అనుమతి తీసుకుని, తుపాకిని పాత లారీ టైరుకు కట్టి, గోడ వెనక నిలబడి తాడుతో ట్రిగ్గరు లాగి, ఒక్కో గొట్టంతో ఆరు తూటాలు పేల్చాను. మళ్ళీ అన్ని కొలతలూ తీశాను. ఏదీ మారలేదు. గడువు ఇంకా మూడు రోజులుండగా నంబరు లైసెన్సులో ఎక్కింది.

గోవిందయ్య తుపాకిని చేతిలోకి తీసుకుని మొదట అన్న మాట, "గునపం మాదిరి ఉండాదే" అని. నేను కాదనలేదు. నూనె గుడ్డ ఒకటి చేతికిచ్చి, ఇంట్లో ఆడవాళ్ళకు కూడా చెప్పండి, దీన్ని పూజ సామానులో కలపవద్దు అన్నాను. "బొట్టు పెట్టచ్చు గదా?" అని అడిగాడు. చెక్కకు పెట్టుకోమన్నాను. వారం తరువాత ఫోన్ చేసి, ఆకాశంలోకి రెండు పేల్చినానని, పందులు కొండ ఎక్కేదాకా వెనక్కి తిరిగి చూడలేదని, తన చెవులు ఇంకా గుయ్యిమంటున్నాయని చెప్పాడు. అన్న కొడుకులు చేనికి వస్తున్నారట.

రాజమ్మ గారి తుపాకి ప్రభుత్వానికి అప్పగించడమే మిగిలింది. ఆ అర్జీ మీద సంతకం పెట్టడానికి ఆమె మరోసారి వచ్చింది. పెట్టిన తరువాత లేవలేదు. నాకొక కాగితం రాసివ్వు నాయనా అంది. ఏమని రాయాలని అడిగాను. "అది మంచి తుపాకియా, కాదా? మా ఇంట్లో మూడు తరాలు మంచిదే అనుకున్నాం. నువ్వు తెలిసినోడివి. ఉన్నది రాయి" అంది.

దుకాణం కాగితం మీద రెండు వాక్యాలు రాశాను. ఈ తుపాకిని చేసినవాళ్ళు నేను చూసిన పనివాళ్ళందరిలోకీ గొప్పవాళ్ళు. ఎడమ గొట్టం గోడ అరిగిపోయినందువల్ల దీన్ని పేల్చరాదు. కింద సంతకం, ముద్ర. ఆమె కూడబలుక్కుని చదివింది. రెండో వాక్యం మీద వేలు పెట్టి, "ఇది నా పని" అంది. తరువాత మొదటి వాక్యం మీద వేలు పెట్టి, "ఇది మాత్రం నిజమే గదా?" అని అడిగింది. నిజమే అన్నాను. కాగితం మడిచి చేతిసంచిలో పెట్టుకుని బస్సుకు వెళ్ళిపోయింది.

మూడేళ్ళు ఆ దుకాణంలో పనిచేశాను. ఇప్పుడు ఒక ఐటీఐలో ఫిట్టర్ పాఠాలు చెబుతున్నాను. పాత తుపాకి ఎలా చూడాలని ఎవరైనా అడిగితే, పరీక్షల సంఖ్య కంటే ముందు ఈ సంగతి చెబుతాను. తయారీ అనేది చేసినవాడి లెక్క. ఇప్పటి స్థితి అనేది వాడినవాళ్ళ లెక్క. మొదటిది ఎంత గొప్పగా ఉంటే రెండోదాన్ని చూసే కన్ను అంతగా మందగిస్తుంది; రాజమ్మ గారి తుపాకి విషయంలో నాకు జరిగింది అదే. ఆ తరువాత వచ్చిన ప్రతి పాత తుపాకికీ ఆ రెండు తీర్పులనూ రెండు వేరు వేరు కాగితాల మీద రాశాను. రెండో కాగితం పూర్తయ్యేదాకా ఎవరికీ ఫోన్ చేయలేదు.